పరిశోధించు, కానీ పాఠం చెప్పకు

గెలీలియోను మోకాళ్ల మీద కూర్చోబెట్టి క్షమాపణ చెప్పించింది చర్చే కదా అని ఒకరంటారు. మెండెల్ క్రైస్తవ సన్యాసే కదా, జన్యుశాస్త్రం మఠం తోటలోని బఠాణీ మొక్కల్లోంచే కదా పుట్టింది అని ఇంకొకరు బదులిస్తారు. మన విశాఖలో క్రైస్తవం గురించీ సైన్సు గురించీ మాట ఎక్కడ మొదలైనా నేను విన్నంతలో ఈ రెండు పేర్ల దగ్గరే ఆగిపోతుంది. రెండు మాటలూ నిజమే. ఒకే మతం గురించి ఈ రెండూ ఎలా నిజమయ్యాయని అడగాల్సిన చోట, ఎవరి పక్షం ఏదో తేల్చుకుని లేచిపోతాం.

ఇదే ఊళ్లో ఆదివారం సండే స్కూల్లో కథలు చెప్పినవాణ్ని, మిగతా రోజుల్లో బడిలో సైన్సు చెప్పినవాణ్ని. రెండు చోట్లా నా ఎదుట కూర్చున్న పిల్లల్లో చాలామంది వాళ్లే. అందుకే ఇది నాకు పక్షాల ప్రశ్నగా ఎన్నడూ అనిపించలేదు. ఎనిమిది వందల ఏళ్ల నిషేధాజ్ఞలనూ తీర్పులనూ చట్టాలనూ కాలక్రమంలో పెట్టి చూస్తే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. ప్రకృతిని పరిశీలించేవాణ్ని చర్చి చాలాసార్లు సహించింది, తిండి పెట్టి పోషించింది కూడా. అతను తెలుసుకున్నది నిజమని తరగతి గదిలోనో, జనం మాట్లాడే భాషలోనో చెప్పబోయినప్పుడు అడ్డం పడింది. గొడవంతా ఎక్కువగా బోధన దగ్గరే.

పారిస్‌తో మొదలుపెడతాను. 1210లో అక్కడి మతాధికారుల సభ, అరిస్టాటిల్ రాసిన ప్రకృతి శాస్త్ర గ్రంథాలను ఆ నగరంలో బహిరంగంగా గానీ చాటుగా గానీ పాఠంగా చెప్పరాదని శాసించింది. ఇంట్లో కూర్చుని చదువుకునే పండితుడి జోలికి ఆ ఆజ్ఞ పెద్దగా పోలేదు. 1229లో తులూజ్‌లో కొత్త విశ్వవిద్యాలయం తెరిచారు. దాన్ని పెట్టించిందీ చర్చే, అదీ ఆ ప్రాంతంలోని మతభేదాన్ని అణచడానికి. విద్యార్థులను రప్పించడానికి ఆ విశ్వవిద్యాలయం ఊరూరా పంపిన లేఖలో, పారిస్‌లో నిషేధించిన అరిస్టాటిల్ గ్రంథాల మీద పాఠాలు మా దగ్గర వినవచ్చని చెప్పుకుంది. రెండేళ్లకు పోప్ తొమ్మిదో గ్రెగరీ పారిస్ విశ్వవిద్యాలయానికి స్వయంపాలన హక్కులిచ్చాడు. అన్యాయం జరిగితే పాఠాలు ఆపేసి నిరసన తెలిపే హక్కు కూడా అందులో ఉంది. అదే పత్రంలో ఆ గ్రంథాలను పరీక్షించి దోషాలు తొలగించేదాకా వాడకూడదన్నాడు. 1255 నాటికి ఆ గ్రంథాలే పారిస్‌లో తప్పనిసరి పాఠ్యాంశాలయ్యాయి. అధ్యాపకుల హక్కును కాపాడిన చెయ్యీ వాళ్ల పాఠానికి హద్దు గీసిన చెయ్యీ ఒక్కటే. ఈ సంగతి గుర్తుంటే గెలీలియో కథ వేరేగా కనిపిస్తుంది.

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ గ్రంథం 1543లో అచ్చయింది. ఆయన పోలండ్‌లో ఒక కథీడ్రల్‌లో పదవిలో ఉన్న మతాధికారి. పుస్తకాన్ని పోప్ మూడో పాల్‌కు అంకితమిచ్చాడు. లాటిన్‌లో, గణితం తెలిసినవాళ్లకే అందేట్టు రాసిన ఆ గ్రంథాన్ని రోమ్ 73 ఏళ్లపాటు నిషేధించలేదు. గెలీలియో 1610లో దుర్భిణితో గురుగ్రహపు చందమామలను చూసి ప్రకటించినప్పుడు, రోమ్‌లో జెసూట్లనే క్యాథలిక్ సన్యాస సంఘానికి చెందిన ఖగోళవేత్తలు తామూ చూసి నిజమేనని ఒప్పుకున్నారు. ఇక్కడిదాకా తగాదా లేదు.

ఆ తర్వాత గెలీలియో ఇటాలియన్‌లో రాయడం మొదలుపెట్టాడు. బైబిల్‌ను ఎలా అర్థం చేసుకోవాలో కూడా చెప్పసాగాడు. 1616లో కోపర్నికస్ గ్రంథాన్ని "సరిదిద్దేదాకా" ఆపేశారు. 1620లో వచ్చిన దిద్దుబాట్లు చూస్తే వాళ్ల మనసు తెలుస్తుంది. భూమి తిరుగుతోందని నిశ్చయంగా చెప్పిన వాక్యాలను ఊహగా మార్చమన్నారు, అంతే. లెక్క చేసుకోవచ్చు, అది నిజమని అనకూడదు.

1616 ఫిబ్రవరి నాటి ఒక పత్రం ప్రకారం, ఈ అభిప్రాయాన్ని నమ్మరాదు, బోధించరాదు, సమర్థించరాదు, మాటగా గానీ రాతగా గానీ ఏ విధంగానూ కూడదని గెలీలియోను ఆజ్ఞాపించారు. దాని మీద ఆయన సంతకం లేదు. 1632లో ఆయన తన సంభాషణల గ్రంథాన్ని చర్చి అధికారుల అచ్చు అనుమతితోనే వేశాడు. మరుసటి ఏడాది విచారణలో ఆ పాత పత్రాన్ని బయటికి తీశారు. గెలీలియో జవాబుగా కార్డినల్ బెల్లార్మిన్ తనకు రాసిచ్చిన ధ్రువపత్రం చూపించాడు. అందులో నమ్మరాదు, సమర్థించరాదు అని మాత్రమే ఉంది. బోధించరాదన్న మాట తనకు గుర్తులేదన్నాడు. యూరప్ చరిత్రలోనే పేరుమోసిన ఆ విచారణ చాలామేరకు ఈ ఒక్క మాట మీద నడిచింది. 1633 జూన్ 22న ఆయన చేత మోకాళ్ల మీద తన అభిప్రాయం తప్పని చెప్పించారు. 1642లో చనిపోయేదాకా గృహనిర్బంధంలోనే ఉంచారు.

చర్చి పక్షాన చెప్పదగిన మాట ఒకటుంది, దాన్ని దాచడం న్యాయం కాదు. భూమి తిరుగుతోందని నిజమైన నిరూపణ దొరికితే లేఖనాలను మనం అర్థం చేసుకున్న తీరునే తిరిగి చూసుకోవాల్సి ఉంటుందని, అలాంటి నిరూపణ తానింకా చూడలేదని బెల్లార్మిన్ 1615లో రాశాడు. ఆనాటికి అది తెలివైన సందేహమే. గెలీలియో ఎంతో నమ్ముకున్న వాదన, అంటే సముద్రపు ఆటుపోట్లు భూమి కదలికకు రుజువన్నది, తప్పని తర్వాత తేలింది. భూమి కదులుతుంటే ఆరు నెలల తేడాలో దగ్గరి నక్షత్రం చోటు రవ్వంత జరిగినట్టు కనిపించాలి. దాన్ని కొలిచి చూపింది బెస్సెల్, 1838లో. కానీ సందేహించడానికి ఆజ్ఞ అక్కర్లేదు. పాఠం చెప్పొద్దని నోరు కట్టేస్తే ఆ నిరూపణ వెతికే శిష్యులు ఎక్కణ్నుంచి వస్తారు? గెలీలియోకు జరిగిన దానిలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

ఆయన గ్రంథం రోమ్ నిషిద్ధ జాబితాలోంచి పోయింది 1835 ముద్రణలో. బెస్సెల్ కొలత 1838లో. 1840లో మన ఊళ్లో, ఇవాళ డాబాగార్డెన్స్ అంటున్న చోట, గొడే వెంకట జగ్గారావు తన సొంత ఖర్చుతో నక్షత్రశాల కట్టించారు. ఆయన మద్రాసు వెళ్లి అక్కడి నక్షత్రశాల అధిపతి టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్న మనిషి. జగ్గారావు తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని కొనసాగించి, 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటడాన్ని అక్కణ్నుంచే పరిశీలించారు. ఆ కుటుంబం పేరే మన ఏవీఎన్ కాలేజీకి ఉంది. సీవీ రామన్ తండ్రి అక్కడ భౌతికశాస్త్రం, గణితం చెప్పడానికి 1892లో కుటుంబంతో విశాఖ వచ్చారు. చిన్నారి రామన్ చదివింది క్యాథలిక్ మిషనరీలు నడిపిన సెయింట్ అలోషియస్ బడిలో, పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ దాటారు. పాతపట్నంలో ఆ బడి మీదుగా వెళ్లేవాళ్లలో ఎందరికి ఈ సంగతి తెలుసో గానీ, ఈ ఊరి విజ్ఞాన చరిత్రలో ఒక జమీందారు డబ్బూ ఒక చర్చి బడీ పక్కపక్కనే ఉన్నాయి.

తెలుగువాళ్లకు ఇంకా దగ్గరి కథ జర్మనీలోని హాలె నగరంలో జరిగింది. అక్కడి విశ్వవిద్యాలయంలో క్రిస్టియన్ వోల్ఫ్ గణితం, తత్వం చెప్పేవాడు. 1721లో ఒక ఉపన్యాసంలో, కన్ఫ్యూషియస్ బోధనలు చూస్తే దైవప్రకటన లేకుండానే మనిషి బుద్ధితో నీతిని తెలుసుకోగలడని అర్థమవుతుందన్నాడు. హాలెలో బలంగా ఉన్న క్రైస్తవ భక్తి ఉద్యమపు పెద్దలు మండిపడ్డారు. రెండేళ్లపాటు ఫిర్యాదులు నడిచాయి. వోల్ఫ్ సిద్ధాంతం ప్రకారం పారిపోయిన సైనికుణ్ని కూడా శిక్షించలేమని, అంతా ముందే నిర్ణయమై ఉంటుంది గనకనని ప్రష్యా రాజు చెవిన వేశారంటారు. సైన్యమంటే ప్రాణమిచ్చే రాజు అతను. 1723 నవంబరులో ఉత్తర్వు వచ్చింది: 48 గంటల్లో రాజ్యం వదలాలి, లేదా ఉరి. వోల్ఫ్ మార్‌బుర్గ్‌కు వెళ్లిపోయాడు. 1740లో కొత్త రాజు రెండో ఫ్రెడరిక్ వెనక్కి పిలిపించాడు.

వోల్ఫ్‌ను తరిమిన ఆ ఉద్యమమే తమిళ తీరంలోని తరంగంబాడికి మిషనరీలను పంపింది. వాళ్లలో బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని, తిరిగి హాలె చేరి, 1746, 1747ల్లో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తెలుగు లిపిలో అచ్చయిన తొలి పుస్తకాలుగా చెప్పుకునేవి అవే. అప్పటికి వోల్ఫ్ అదే ఊళ్లో విశ్వవిద్యాలయ చాన్సలర్. పరాయి భాషకు అక్షరాలు పోతపోయించే ఓపికా, పక్కింటి ఆచార్యుడి పాఠాన్ని భరించలేని అసహనమూ ఒకే భక్తిలోంచి వచ్చాయి. ఇందులో ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని వదిలేసేవాళ్లు మనకు సగం కథే చెబుతున్నారు.

విశాఖకు 1805లో వచ్చిన క్రాన్, డె గ్రాంజ్‌లది లండన్ మిషనరీ సొసైటీ. ఆనందరాయర్ సాయంతో వాళ్లు ఇక్కడ తెనిగించిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ సొసైటీ వెనుక ఎక్కువగా ఉన్నది ఇంగ్లండ్ అధికార చర్చిలో చేరని క్రైస్తవులు. అలాంటివాళ్లకు ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రవేశం లేదు, కేంబ్రిడ్జ్‌లో డిగ్రీ లేదు. అధికార చర్చి విశ్వాస సూత్రాలకు సంతకం పెట్టినవాడికే చదువు, వాడికే అధ్యాపక పదవి. ఈ నిబంధనలను చాలామేరకు ఎత్తేసింది 1871 చట్టం. అంతకు ముందే, 1826లో, మతం అడగని ఉన్నత విద్యాలయాన్ని లండన్‌లో స్థాపించారు. దానిలోంచి 1836లో లండన్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయాన్ని ఆ నమూనాలోనే పెట్టారు. అందులోంచి 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. ఏయూలో ఎవరు చేరినా నీ మతవిశ్వాసానికి సంతకం పెట్టమని అడగకపోవడం వెనుక, క్రైస్తవులు క్రైస్తవులతోనే చేసిన ఈ పోరాటం ఉంది. బోధనా స్వేచ్ఛ మతం బయటినుంచి మాత్రమే వచ్చిందనుకోవడం పొరపాటు. మతం లోపల దెబ్బతిన్నవాళ్లు కూడా దాన్ని సాధించారు.

ఏయూకు 1931 నుంచి 1936 దాకా ఉపకులపతిగా ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు క్రిస్టియన్ కాలేజీ విద్యార్థి. హిందూమతం మీద మిషనరీలు చేసిన విమర్శలే తనను వేదాంత అధ్యయనానికి పురికొల్పాయని ఆయనే రాసుకున్నారు. 1908లో ఎం.ఏ. పట్టా కోసం వేదాంతంలోని నీతిశాస్త్రాన్ని సమర్థిస్తూ సిద్ధాంత వ్యాసం రాస్తే, మిషనరీ అధ్యాపకుడు ఏజీ హాగ్ దాన్ని మెచ్చుకుంటూ యోగ్యతాపత్రం ఇచ్చారు. మతం మార్చడానికి వచ్చిన సంస్థలోని గురువు, తన మతంతో విభేదించిన శిష్యుడి వాదనకు తగిన విలువ కట్టారు. నాకు తెలిసి క్రైస్తవ విద్య దక్షిణ భారతంలో చేసిన గొప్ప పనుల్లో ఇదొకటి.

ఇక పరిణామ సిద్ధాంతం. 1925 ఏడాదిని కాస్త నిదానంగా చూడాలి. ఆ మార్చిలో అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రం, ప్రభుత్వ డబ్బుతో నడిచే బడుల్లో మనిషి తక్కువ జంతువుల నుంచి వచ్చాడని బోధించడం నేరమని చట్టం చేసింది. జులైలో డేటన్ అనే చిన్న ఊళ్లో జాన్ స్కోప్స్ అనే కుర్ర ఉపాధ్యాయుడి మీద విచారణ జరిగింది. వంద డాలర్ల జరిమానా పడింది, తర్వాత సాంకేతిక కారణంతో తీర్పు కొట్టేశారు. చట్టం మాత్రం 1967 దాకా ఉంది. బైబిల్ పక్షాన నిలిచిన విలియం జెన్నింగ్స్ బ్రయాన్‌ను మూర్ఖుడిగా చూపించడం అలవాటైపోయింది, అది సరికాదు. బలవంతుడిదే రాజ్యమన్న వాదానికి డార్విన్ పేరు వాడుకోవడం చూసి ఆయన కలవరపడ్డాడు. స్కోప్స్ వాడిన పాఠ్యపుస్తకంలోనే జాతులకు ఎక్కువతక్కువలు కట్టే మాటలున్నాయి. పైగా ఆదికాండంలోని ఆరు రోజులు ఇరవైనాలుగు గంటల రోజులు కాకపోవచ్చని ఆయన సాక్షి బోనులోనే ఒప్పుకున్నాడు. ఆయన భయానికి కారణం ఉంది. మందుగా ఎంచుకున్నది మాత్రం ఉపాధ్యాయుడి నోరు మూయించే చట్టం.

అదే 1925లో క్యాథలిక్ పక్షాన ఇంకో సంగతి. పియేర్ తెయార్ ద షార్దాఁ జెసూట్ గురువు, శిలాజ శాస్త్రవేత్త, పారిస్‌లోని క్యాథలిక్ విద్యాసంస్థలో ఆచార్యుడు. ఆదిపాపం మీద ఆయన రాతలు పైవాళ్లకు నచ్చలేదు. ఒక పత్రం మీద సంతకం చేయించుకుని బోధన నుంచి తప్పించారు. ఆయన చైనాకు వెళ్లి తవ్వకాల్లో పాల్గొన్నాడు, అక్కడ దొరికిన ఆదిమానవ శిలాజాలు, అంటే పెకింగ్ మానవుడి మీద జరిగిన పరిశోధనలో పాలుపంచుకున్నాడు. 1948లో కాలేజ్ ద ఫ్రాన్స్‌లో ఆచార్య పీఠం స్వీకరించడానికి అనుమతి అడిగితే ఇవ్వలేదు. ఎముకలు తవ్వుకోవచ్చు, పాఠం చెప్పకూడదు. 1950లో పోప్ పన్నెండో పయస్ మానవ దేహ పరిణామం మీద నిపుణుల మధ్య పరిశోధన, చర్చ జరగవచ్చన్నాడు. అక్కడా హద్దు అదే. 1996లో రెండో జాన్ పాల్ అది ఊహకు మించిన సిద్ధాంతమని చెప్పేదాకా ఆ గీత పూర్తిగా చెరగలేదు.

మన చర్చిల సంగతికి వస్తాను. "సార్, మనం కోతి నుంచి వచ్చామా?" అని పిల్లలు అడుగుతారు. ఇప్పుడున్న కోతుల నుంచి కాదు, వాటికీ మనకూ చాలా వెనకటి కాలంలో ఒకే పూర్వీకులు ఉన్నారని జవాబు. ఆ రెండు వాక్యాలు చెప్పడానికి జంకి, పరీక్షకు వచ్చే ప్రశ్నలు దిద్దించి అధ్యాయం దాటేసే విశ్వాసులైన ఉపాధ్యాయులను నేను చూశాను. పరిణామం లేకుండా జీవశాస్త్రంలో ఏదీ అర్థం కాదని 1973లో రాసిన దోబ్‌జాన్‌స్కీ ఆర్థడాక్స్ క్రైస్తవుడని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ఆరు రోజుల్ని గడియారంతో కొలిచి భూమి వయసు ఆరేడు వేల ఏళ్లని పట్టుబట్టడం ఒక పెద్ద ఉద్యమంగా మారింది 1960ల తర్వాత అమెరికాలో. అది అపొస్తలుల నాటి బోధ అన్నట్టు మన వేదికల మీద వినిపిస్తోంది. ఐదో శతాబ్దంలోనే అగస్టీన్, ఆకాశం గురించీ భూమి గురించీ లేఖనాల పేరుతో తెలియని మాటలు చెప్పి అవిశ్వాసుల ఎదుట నవ్వులపాలు కావద్దని హెచ్చరించాడు. రాస్ హిల్ మీది మాత చర్చికి మెట్లెక్కేవాళ్లు ఒకసారి చుట్టూ కొండల్ని చూడాలి. ఈ ఊరి కొండలు చాలావరకు ఖొండలైట్ రాయి. భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట రూపుమారినది.

దీనికి తిరగబడ్డ రూపం ఒకటుంది, అదీ మేలు చేయదు. సైన్సు కనిపెట్టిన ప్రతిదీ మా గ్రంథంలో ముందే ఉందనడం. విశ్వం ఒకనాటి ఆదిమ అణువు నుంచి విస్తరించిందని 1931లో ప్రతిపాదించిన జార్జ్ లెమెత్ర్ బెల్జియం క్యాథలిక్ గురువు. 1951లో పన్నెండో పయస్ ఈ సిద్ధాంతాన్ని సృష్టికి సాక్ష్యంగా చెప్పుకుంటే లెమెత్ర్ ఇబ్బంది పడి, వద్దని చెప్పించాడు. రేపు సిద్ధాంతం మారితే దేవుణ్నీ మారుస్తారా అన్నది అందులోని చిక్కు. మన ఏయూలో అణు భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేసిన స్వామి జ్ఞానానంద కాషాయం కట్టిన సన్యాసి. ఆయన ప్రయోగశాల కొలతలతోనే నడిచింది.

చట్టం ఏమంటోంది? రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమ విద్యాసంస్థలు నడుపుకునే హక్కు ఇచ్చింది. 28వ అధికరణం ప్రకారం ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న బడిలో సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధకు కూర్చోబెట్టకూడదు, పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. 1976లో చేర్చిన 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుల కర్తవ్యంగా చెప్పింది. తరగతిలో నిలబడే ఉపాధ్యాయుడికి విడిగా బోధనా స్వేచ్ఛ అంటూ ఏ అధికరణమూ లేదు. పాఠ్యపుస్తకంలో ఏముందో, యాజమాన్యం మనసులో ఏముందో అంతవరకే అతని స్వేచ్ఛ.

2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో వంశపారంపర్యత, పరిణామం అన్న అధ్యాయం నుంచి పరిణామాన్ని తీసేసింది. పిల్లల మీద భారం తగ్గించడానికన్నారు. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు వద్దని లేఖ రాశారు. ఆ పాఠం పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఉంది. అంటే విశాఖలో సీబీఎస్ఈ బడిలో పది చదివి ఎంపీసీలోకి వెళ్లే పిల్లాడికి డార్విన్ పేరు తరగతిలో వినబడకుండానే చదువు అయిపోవచ్చు. ఈసారి ఇందులో చర్చి చెయ్యి లేదు. కానీ చేయగలిగినది చర్చికి ఉంది. ఈ ఊళ్లో క్రైస్తవ యాజమాన్యాల బడులు చాలానే ఉన్నాయి. పాఠ్యప్రణాళిక తక్కువలో తక్కువ ఏం చెప్పాలో చెబుతుంది, ఎక్కువ చెప్పొద్దని ఎక్కడా అనలేదు. 30వ అధికరణం ఇచ్చిన వెసులుబాటును ప్రవేశాలకూ నియామకాలకూ వాడుకునే యాజమాన్యాలు, తొమ్మిది, పది తరగతుల్లో వారానికి ఒక పీరియడ్ చొప్పున కొన్ని వారాలు ఆ తీసేసిన పాఠానికి కేటాయించవచ్చు. చెప్పే టీచరుకు పాస్టరు గారి నుంచి గానీ ఫాదర్ గారి నుంచి గానీ ఫోన్ రాదని యాజమాన్యం ముందే రాతపూర్వకంగా మాట ఇవ్వాలి. మాస్టర్లకు ధైర్యం వచ్చేది ఆ కాగితంతోనే.